తుపాను కబురు వినగానే కోతకు దిగకండి: సార్వా (ఖరీఫ్) వరికి జాగ్రత్తలు

అక్టోబరు నెలాఖరు నుంచి డిసెంబరు సగం దాకా డెల్టా రైతుకు ఒక కన్ను చేను మీద, ఒక కన్ను టీవీ మీద. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు చేలు చూశాను. కోయనిది ఒరిగింది గానీ, నీళ్లు దిగాక గింజ చాలామటుకు దక్కింది. హడావిడిగా కోసిన రెండోదాంట్లో పన (కోసి చేలో పరిచిన వరి) ఎత్తి చూస్తే కంకి నిండా తెల్లటి మొలకలు, ముక్కు మూసుకోవాల్సినంత పులిసిన వాసన.

అందుకే ముందుగా కోత సంగతి. కంకిలో పదింట ఎనిమిది తొమ్మిది గింజలు పసుపు రంగుకు తిరిగి, వాన మొదలయ్యేలోపు ధాన్యం కప్పు కిందికి చేరుతుందన్న నమ్మకం ఉంటేనే కోయండి. లేదంటే చేను అలాగే ఉండనివ్వండి. మిషను ఉంది కదా అంటారు. మిషను గంటలో ఎకరం కోసి పోస్తుంది సరే, ఆ పచ్చి ధాన్యం ఎక్కడ ఆరబోస్తారు? బరకాలు (టార్పాలిన్లు), మెరక జాగా, తిరగేయడానికి మనుషులు... ఈ మూడూ చూసుకున్నాకే మిషనుకు ఫోను చేయండి.

బోదెల్లో గడ్డి, మురుగు కాలువలో గుర్రపుడెక్క ఇప్పుడే తీయించండి. కోతకు పది రోజుల ముందే చేలో నీరు తీసేయాలి. గట్టుకు గండి ఎక్కడ కొట్టాలో, ఆ నీరు పక్కవాడి చేలోకి పోకుండా ఎటు మళ్లించాలో ఎండ ఉండగానే చూసుకోండి. వానలో పార పట్టుకుని వెళ్తే మిగిలేది తగాదానే.

సాంబ మసూరి వేసినవాళ్లకు పడిపోయే బెడద ఎక్కువ. పడిన చేలో ముందు నీరు తీసి, వీలైనంత మేర నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టండి. గింజ ముదిరిన చేను పడి, ముసురు వదలకపోతే మొలక రాకుండా ఉప్పు ద్రావణం కొట్టాలి. లీటరు నీటికి 50 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు. రాళ్లుప్పును బకెట్లో బాగా కరిగించి, గుడ్డలో వడకట్టి పోయండి, లేకపోతే నాజిలు పూడుకుపోతుంది. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు కంకులు తడిసేలా కొట్టాలి. పనయ్యాక ట్యాంకు మంచినీళ్లతో కడగండి, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

అప్పటికే పనల మీద ఉంటే, ఆరినంత మేర వెన్నులు లోపలికి ఉండేలా కుప్ప వేసి బరకం కప్పండి. తడి పనలు మాత్రం కుప్ప పెట్టొద్దు, లోపల ఆవిరి పుట్టి గింజ రంగు మారుతుంది. వాటిని గట్ల మీదికి చేర్చి పలచగా పరవండి.

కళ్లంలో రాశిదీ అదే కథ. బరకం కప్పేసి రెండు రోజులు అటు చూడకపోవడం చాలామంది చేసే పొరపాటు. వాన ఆగగానే తీయండి. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి, వెచ్చగా తగిలితే వెంటనే విప్పి ఆరబోయాలి. రాశి కింద ఎండుగడ్డి పరిచి దాని మీద బరకం వేస్తే నేల చెమ్మ పైకి రాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. గింజ కొరికితే కటుక్కుమందని బయలుదేరకుండా రైతు సేవా కేంద్రంలో తేమ మీటరు పెట్టించుకుని బండి కట్టండి. తడిసిన మడిలోంచి విత్తనం ఉంచుకోవద్దు.

ఈ-పంట (ప్రభుత్వ పంట నమోదు)లో మీ పేరు, సర్వే నంబరు సరిగా ఎక్కాయో లేదో వాన రాకముందే చూసుకోండి, కౌలుదారులైతే మరీను. ఫసల్ బీమా నిబంధనల్లో, కోసి చేలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపానుకు తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలని ఉంది. అది మీ మండలానికి వర్తిస్తుందా అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. నష్టం జరిగితే పనలు ఎత్తకముందే, గట్టూ పక్క చెట్టూ కనబడేలా ఫోటోలు తీసుకోండి.