పొలం మీద అభయారణ్యం గీత పడితే: రెండు నెలల్లో క్లెయిమ్ వేసే పద్ధతి

వన్యప్రాణుల కోసం ప్రభుత్వం ఎంత భూమి తీసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న వాదన కొల్లేరులో పాతికేళ్లుగా నడుస్తోంది. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా అయిదో కాంటూరు (నేల ఎత్తును బట్టి గీసే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. జిరాయితీ (రైతుల సొంత పట్టా) భూములు లోపల చిక్కుకున్నాయి. మూడో కాంటూరుకు కుదించమని 2008లో శాసనసభే తీర్మానించినా, ఆ తీర్మానంతో హద్దు గీత వెనక్కి జరగలేదు. తుది నోటిఫికేషన్ వచ్చాక హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 26ఎ సెక్షన్ చెబుతోంది. కుదించమని అడగడానికి బలం ఉండేది అంతకు ముందే, అదీ ఊరేగింపులో కాదు, కలెక్టరు ముందు వేసే క్లెయిమ్‌లో.

మొదట వచ్చింది ఏ నోటిఫికేషనో చూడండి. సెక్షన్ 18 అయితే అభయారణ్యం, 35 అయితే జాతీయ పార్కు. 36ఎ అయితే కన్జర్వేషన్ రిజర్వు. అది ప్రభుత్వ భూమిలోనే పెట్టాలి, స్థానికులను సంప్రదించాకే పెట్టాలి. ఎకో సెన్సిటివ్ జోన్ (అభయారణ్యం చుట్టూ ఉండే రక్షణ వలయం) ముసాయిదా అయితే భూమి పోదు, వాడకం మీద ఆంక్షలు వస్తాయి. దాని మీద అభ్యంతరం 60 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖకు పంపాలి, కలెక్టరుకు కాదు. ఈ తేడా చూసుకోక తప్పు ఆఫీసులో కాగితం ఇచ్చి గడువు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక్కడి నుంచి సెక్షన్ 18 సంగతి. గడువు లెక్క గెజిట్ తేదీ నుంచి కాదు. సెక్షన్ 21 కింద కలెక్టరు ఊళ్లో తెలుగులో ప్రకటన వేస్తారు. ఆ ప్రకటన తేదీ నుంచి రెండు నెలలు. పంచాయతీ బోర్డు మీద అంటించిన కాగితాన్ని తేదీ కనబడేలా ఫొటో తీసి ఉంచుకోండి. ఆంక్షలు మాత్రం సెక్షన్ 18 ప్రకటన రోజు నుంచే మొదలవుతాయి. ఆ రోజు తర్వాత లోపలి భూమి మీద వారసత్వంగా తప్ప కొత్త హక్కు పుట్టదు. కాబట్టి ఆ తర్వాత రాసుకున్న అమ్మకం కాగితాన్ని నమ్మి డబ్బు కట్టొద్దు.

అన్నిటికంటే కష్టమైన పని, మీ సర్వే నంబరు లోపల ఉందో బయట ఉందో తేల్చడం. నోటిఫికేషన్‌లో హద్దును రోడ్లు, వాగులు, గుట్టల వరసలతో చెప్పినా చాలని చట్టమే అంటోంది. సర్వే నంబర్లు ఉంటాయని ఎదురు చూడొద్దు. హద్దు మ్యాపు కోసం కలెక్టరేటులోనూ డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులోనూ సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జవాబుకు వాళ్లకు 30 రోజులు ఉంటుంది గనుక మొదటి వారంలోనే వేయాలి. ఈలోగా గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకుని సర్వేయరుతో కొలిపించండి. హద్దు కాంటూరు అయితే ఫోన్‌లో కనిపించే ఎత్తు పనికిరాదు. వాలు వెయ్యికి ఒకటి ఉన్న నేలలో ఎత్తు 10 సెంటీమీటర్లు తప్పితే గీత 100 మీటర్లు జరుగుతుంది, అంటే ఒక రైతు పొలం మొత్తం. బెంచ్‌మార్కు (ఎత్తు ముందే ఖాయం చేసిన సర్వే గుర్తు) ఎక్కడుందో అడిగి, అక్కడి నుంచే లెవెల్ తీయించాలి.

కాగితాలు: పాస్‌పుస్తకం, 1బీ (హక్కుల రికార్డు), ఈసీ (భూమి మీద లావాదేవీల ధ్రువపత్రం), పాత అడంగళ్లు (సాగు రికార్డులు). తెలంగాణలో అయితే సేత్వార్, ఖాస్రా పహాణీ అనే పాత భూ రికార్డులు. పట్టా తాతగారి పేరు మీదే ఉంటే వారసుల ధ్రువీకరణ పత్రం కూడా కావాలి. పొలం లేనివాళ్లకూ క్లెయిమ్ ఉంటుంది. పశువుల మేత, చెరువు నీరు, బండిబాట, చేపల వేట కూడా హక్కులే. జనం మర్చిపోయేది వీటినే.

క్లెయిమ్‌ను నిర్ణీత నమూనాలో, హక్కుదారు ఒక్కొక్కరు విడిగా వేయాలి. రెండొందల సంతకాల వినతిపత్రం పేపర్లో ఫొటోకు బాగుంటుంది, విచారణలో క్లెయిమ్‌గా నిలబడుతుందన్న భరోసా లేదు. హక్కు ఏమిటి, ఎంత విస్తీర్ణం, పరిహారం అడిగితే ఎంత, ఏ లెక్కన, అన్నీ రాయాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి.

ఏం అడగాలన్నది అసలు విషయం. క్లెయిమ్ ఒప్పుకుంటే సెక్షన్ 24 కింద కలెక్టరుకు మూడు దారులున్నాయి: ఆ భూమిని హద్దు నుంచి తప్పించడం, సేకరించడం, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను సంప్రదించి హక్కును కొనసాగనివ్వడం. పొలం అంచున ఉంటే తప్పించమని గట్టిగా అడగండి. నడిమధ్యలో ఉంటే ఆ కోరిక నెగ్గడం కష్టం. మధ్యలో కంతలు పడితే జంతువుల దారి తెగిపోతుందన్న అటవీశాఖ వాదనలో పస ఉంది. అక్కడ హక్కు కొనసాగింపు అడగడం మేలు. జాతీయ పార్కులో ఈ మూడో దారి ఉండదు.

హక్కులు తేలేదాకా రికార్డుల్లో ఉన్న హక్కుల మేరకు వంటచెరకు, పశుగ్రాసం ప్రభుత్వమే ప్రత్యామ్నాయంగా చూపాలని 18ఎ చెబుతోంది. దాన్ని విడిగా రాసి అడగండి. విచారణ సాధ్యమైనంతవరకు రెండేళ్లలో ముగించాలి, కానీ ముగియకపోయినా నోటిఫికేషన్ రద్దు కాదు. అందువల్ల వాయిదా వేసుకుంటూ పోవడం రైతుకే నష్టం.

ఆదివాసీ ప్రాంతాల్లో అటవీ హక్కుల చట్టం తోడుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడు (అడవి నరికి సాగు చేసే భూమి) మీద గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. తెలంగాణలో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు కోసం 2025 మేలో ఇచ్చిన జీవో 49ను ఆదివాసీల ఆందోళన తర్వాత జూలైలో నిలిపివేశారు. నిలిపివేత అంటే రద్దు కాదు. పోడు దరఖాస్తు పెండింగులో ఉన్నవాళ్లు గ్రామసభ తీర్మానం నకలు ఇప్పుడే తీసుకుని పెట్టుకోవాలి.

సేకరణకే వెళ్తే పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కన వస్తుంది: మార్కెట్ విలువకు గ్రామాల్లో ఒకటి నుంచి రెండు రెట్ల గుణకం, దాని మీద నూరు శాతం సొలేషియం (అదనపు ఓదార్పు సొమ్ము). మార్కెట్ విలువకు గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లు చూస్తారు. గీత పడ్డ ఊళ్లో అమ్మకాలు ఆగిపోతాయి గనుక, పక్క ఊళ్ల దస్తావేజుల నకళ్లు ముందే తీసి ఉంచండి. అవార్డు (పరిహారం ఖాయం చేసే ఉత్తర్వు) ఇచ్చే రోజున మీరు హాజరైతే, అది తక్కువనిపించినప్పుడు రిఫరెన్సు (పరిహారం తేల్చమని పై అథారిటీకి పంపడం) అడగడానికి ఆరు వారాలే గడువు. చెక్కు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. రాయకుండా తీసుకుంటే ఆ రిఫరెన్సు అడిగే హక్కు పోతుంది.