చిరువ్యాపారికి తోడు నిలవడం ఎలా?

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే కుటుంబానికో, కందుకూరులో పచ్చళ్లు పెట్టి అమ్మే పొదుపు సంఘం మహిళకో పనితనం మనం నేర్పనక్కరలేదు. వారికి తోడు కావలసింది లెక్కలోనూ బేరంలోనూ. అందువల్ల మార్గదర్శిగా ఉండదలచినవారు మొదటి నెలంతా సలహాలు మాని, రోజూ చిట్టా రాసే అలవాటు చేయించాలి.

చిట్టాలో ముందుగా చూడవలసింది సొంత కూలి. ఉదాహరణకు, కిలో ఆవకాయకు సరుకులు, సీసా కలిపి 220 రూపాయలై, 300కు అమ్మితే 80 మిగిలిందని ఆమె అనుకుంటుంది. కాని ఇరవై కిలోలు పెట్టడానికి ఇంట్లో ఇద్దరు రెండేసి రోజులు కష్టపడి ఉంటే, రోజుకు 400 చొప్పున వారి కూలి 1,600 అవుతుంది, అంటే కిలోకు సరిగ్గా ఆ 80 రూపాయలే. ఇక బస్సు చార్జీలు, పగిలిన సీసాలు చేతినుంచి పడ్డట్టే. ఈ లెక్క ఆమె చేతనే వేయించాలి. మనం వేసి చూపితే తప్పు పట్టినట్టుంటుంది, తానే వేసుకుంటే ధర మార్చే ధైర్యం వస్తుంది. అరువుకు వేరే పేజీ కేటాయించాలి.

శిక్షణకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. భోజనం, వసతితో సహా ఉచితం, ఆపైన రెండేళ్లపాటు బాగోగులు కనుక్కునే ఏర్పాటు కూడా ఉంది. అయినా ఊళ్లోనే మార్గదర్శిగా ఉండే మనిషి అవసరం తీరదు. ఆ మనిషి అదే రంగం తెలిసినవారై ఉండాలి, ఆమెకు పోటీదారుగానీ అప్పిచ్చినవారుగానీ కాకూడదు. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లాలో అల్లుకున్న పొదుపు సంఘాల సమావేశాలే ఈ పనికి తగిన చోటని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ ఒకరి లెక్క విని పదిమంది నేర్చుకుంటారు.

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ‘ఉద్యమ్’ నమోదు ఉచితం, దళారికి డబ్బివ్వవద్దని గట్టిగా చెప్పాలి. చిన్న వ్యాపారాలకు బ్యాంకు రుణాలిప్పించే కేంద్ర పథకం ముద్రలో, అతి చిన్న రుణాలకు ఉద్దేశించిన ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా రుణం దొరుకుతుంది గాని, మూడు నెలల చిట్టా చూడకుండా దరఖాస్తు పెట్టించకూడదు. నష్టానికి అమ్ముతున్న చోట అప్పు ఆ నష్టాన్నే పెంచుతుంది.

నెల్లూరులోని దుకాణదారుతో బేరానికి మొదటిసారి వెంట వెళ్లండి, కాని ధర ఆమెనే చెప్పనివ్వండి. రెండోసారి ఆమెను ఒంటరిగా పంపి, తిరిగి వచ్చాక ఏం మాట్లాడారో చిట్టా ముందు పెట్టుకుని అడగండి.