డ్రగ్ కోర్టు నిజంగా పనిచేస్తోందా? అమెరికాలో రాష్ట్ర స్థాయి ఎవాల్యుయేషన్ ఎలా చేయాలంటే

స్టేట్ ఏజెన్సీలో రీసెర్చ్ ఉద్యోగంలో కొత్తగా చేరారు, ఫలానా కౌంటీ డ్రగ్ కోర్టుకి (డ్రగ్స్ సమస్య ఉన్న నిందితులకి జైలుకి బదులు జడ్జి పర్యవేక్షణలో ట్రీట్‌మెంట్ ఇప్పించే కోర్టు) గ్రాంట్ ఇచ్చాం, పనిచేస్తోందో లేదో తేల్చి చెప్పండి అని ఫైలు చేతిలో పెట్టారు అనుకుందాం. వెంటనే డేటా తెరవకండి. ముందు ఒక్క పేజీ రాసుకోండి: ఎవరిని చేర్చుకుంటున్నారు, ఎవరిని వద్దంటున్నారు, లోపల ఏం జరుగుతుంది (జడ్జి ముందు హాజరు, యూరిన్ టెస్టులు, ట్రీట్‌మెంట్), ఎన్ని నెలలు, చివరికి ఏది మారాలి. ఈ పేజీని ప్రోగ్రామ్ నడిపేవాళ్ళకి చూపించి అవును ఇదే అనిపించుకోండి, లేకపోతే రిజల్ట్ వచ్చాక మా ఉద్దేశం అది కాదండీ అంటారు.

తర్వాత "మళ్ళీ నేరం" అంటే ఏంటో తేల్చుకోవాలి. మళ్ళీ అరెస్టా, శిక్ష పడటమా, జైలుకి తిరిగి వెళ్ళడమా, ఎన్నేళ్ళలోపు? ఒక్కోదానికి ఒక్కో నంబర్ వస్తుంది. 2005లో 30 రాష్ట్రాల జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళని బ్యూరో ఆఫ్ జస్టిస్ స్టాటిస్టిక్స్ (నేర గణాంకాలు చూసే ఫెడరల్ సంస్థ) ఫాలో అయితే 3 ఏళ్ళలో 68 శాతం మంది మళ్ళీ అరెస్టయ్యారు, 9 ఏళ్ళకి అది 83 శాతం అయ్యింది. మనుషులు వాళ్ళే, చూసిన కాలమే వేరు. అందుకే నిర్వచనం ముందే రాసి పెట్టుకోండి, రిజల్ట్ చూశాక మార్చొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, ఎవరితో పోల్చాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్రోగ్రామ్ పూర్తి చేసినవాళ్ళని, మధ్యలో మానేసినవాళ్ళతో పోల్చి చూశారా ఎంత తేడా ఉందో అంటారు, కానీ పూర్తి చేసినవాళ్ళు మొదటినుంచీ ఉద్యోగం, ఇల్లు, తోడుగా కుటుంబం ఉన్నవాళ్ళు అయ్యుండొచ్చు కదా, ప్రోగ్రామ్ లేకపోయినా బాగుపడేవాళ్ళేమో. కాబట్టి చేరిన ప్రతి ఒక్కరినీ లెక్కలో ఉంచండి, రెండో వారమే వెళ్ళిపోయినా సరే. చేరకముందు, చేరిన తర్వాత అని పోల్చడం కూడా మోసమే, ఎందుకంటే మనుషులు చేరేది వాళ్ళ జీవితంలో అన్నిటికంటే చెడ్డ టైంలో, అరెస్టయిన వెంటనే, అక్కణ్ణించి ఏం చేయకపోయినా కొంత తగ్గుతుంది. సీట్ల కంటే అర్హులు ఎక్కువమంది ఉంటే లాటరీ వేయమని అడగండి, సీటు రానివాళ్ళతో పోల్చొచ్చు, అందరికీ ఎలాగూ ఇవ్వలేరు కాబట్టి అన్యాయం ఏమీ లేదు. కుదరకపోతే వయసు, పాత కేసులు, చార్జ్, రిస్క్ స్కోరు (మళ్ళీ నేరం చేసే అవకాశం ఎంతో చెప్పే అంచనా) సరిపోయేవాళ్ళని ప్రోగ్రామ్ లేని కౌంటీల నుంచి తీసుకుని మ్యాచ్ చేయండి.

ఇంత పట్టుబట్టడం దేనికంటే, మంచి ఉద్దేశంతో మొదలుపెట్టినవి హాని చేసిన సందర్భాలు ఉన్నాయి. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ స్టడీలో 506 మంది అబ్బాయిల్లో సగం మందికి ఏళ్ళ తరబడి కౌన్సెలింగ్, సాయం అందించారు. పరిశోధకురాలు జోన్ మెక్‌కార్డ్ 30 ఏళ్ళ తర్వాత వాళ్ళని వెతికి చూస్తే కొన్ని విషయాల్లో సాయం అందుకున్నవాళ్ళ పరిస్థితే అధ్వానంగా ఉంది, అయినా వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఆ ప్రోగ్రామ్ మాకు మేలు చేసిందనే చెప్పారు. అందుకే శాటిస్ఫాక్షన్ సర్వే ఒక్కటే పట్టుకుని రిపోర్ట్ రాయకండి ప్లీజ్.

డేటా విషయానికొస్తే, దాదాపు ప్రతి రాష్ట్రంలో స్టాటిస్టికల్ అనాలిసిస్ సెంటర్ (నేర, న్యాయ డేటాని విశ్లేషించే ఆఫీసు) ఒకటి ఉంటుంది, ముందు వాళ్ళనే కదపండి. పోలీసు, కోర్టు, జైలు రికార్డులు కలపడానికి పేరు మీద ఆధారపడొద్దు, వేలిముద్రల ఆధారంగా ఇచ్చే స్టేట్ ఐడీ నంబర్ అడగండి. అరెస్ట్ ఉంటుంది కానీ ఆ కేసు ఏమైందో ఉండదు, ఇది మామూలే, ఎన్ని కేసుల్లో లేదో లెక్కపెట్టి రాయండి. పక్క రాష్ట్రంలో అరెస్టయితే మీ డేటాలో కనపడదు, అదీ రాయండి. డేటా షేరింగ్ అగ్రిమెంట్‌కి నెలలు పడుతుంది కాబట్టి మొదటి వారమే మొదలుపెట్టండి, ఖైదీలతో మాట్లాడాల్సి వస్తే ఐఆర్‌బీలో (మనుషుల మీద జరిగే పరిశోధనని ముందే పరిశీలించి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ) వాళ్ళకి అదనపు రక్షణలు ఉంటాయి, దానికీ టైం పెట్టుకోండి.

ఒకసారి వెళ్ళి కూర్చుని కళ్ళారా చూడండి. కాగితం మీద వారానికి మూడు సెషన్లు, అక్కడ ఒకటే జరుగుతుంటే మీరు కొలిచేది వేరే ప్రోగ్రామ్‌ని.

ఖర్చు లెక్కలో ఒక్క జాగ్రత్త. ఒక ఖైదీ తగ్గితే సగటు ఖర్చంతా మిగిలిందని రాయొద్దు, గార్డుల జీతాలు, బిల్డింగ్ అలాగే ఉంటాయి, నిజంగా తగ్గేది తిండి, మందుల్లాంటివే. ఒక వింగ్ మొత్తం మూసేసేంత మంది తగ్గితే అప్పుడు లెక్క మారుతుంది. ఈ లెక్కలు ఎలా వేస్తారో చూడాలంటే వాషింగ్టన్ రాష్ట్ర లెజిస్లేచర్ 1983లో పెట్టిన పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ రిపోర్టులు చదవండి.

ఇంకొకటి, ఒకచోట బాగా పనిచేసింది ఇంకోచోట పనిచేస్తుందని మాటివ్వకండి. హవాయిలో 2004లో మొదలైన హోప్ ప్రొబేషన్ (జైలుకి బదులు షరతులతో బయట ఉన్నవాళ్ళు షరతు తప్పితే వెంటనే కొద్ది రోజులు జైలుకి పంపే పద్ధతి) అక్కడ మంచి ఫలితాలిచ్చింది, అదే పద్ధతిని అర్కాన్సా, మసాచుసెట్స్, ఒరెగాన్, టెక్సస్‌లలో పరీక్షిస్తే మామూలు ప్రొబేషన్ కంటే మొత్తమ్మీద మెరుగేమీ కనపడలేదు.

రిపోర్ట్ మొదటి పేజీలోనే ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎవరితో పోల్చారు అనేది పెట్టండి, తేడా ఏమీ రాకపోయినా అది కూడా అక్కడే, పెద్ద అక్షరాల్లో.