అమెరికా కాలేజీ దరఖాస్తు: హైస్కూల్ వదిలేసే పనులను ఎలా పూర్తి చేసుకోవాలి?

అమెరికాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది, కాలేజీ దరఖాస్తుల వ్యవహారం హైస్కూల్ చూసుకుంటుందన్న నమ్మకంతో పదకొండో తరగతి చివరి దాకా నిశ్చింతగా ఉంటారు. కౌన్సెలర్ అనే ఉద్యోగి ఉన్నారు కాబట్టి సమయం వచ్చినప్పుడు వారే పిలిచి దారి చూపిస్తారని అనుకుంటారు. ఆ పిలుపు చాలా స్కూళ్లలో రాదు. వచ్చినా, పన్నెండో తరగతి పిల్లలందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి గడువు తేదీలు చదివి వినిపించడంతో సరిపెడతారు. ఒక కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులు చాలునని స్కూల్ కౌన్సెలర్ల జాతీయ సంఘం సిఫార్సు చేస్తుండగా, దేశ సగటు దానికి చాలా పైన ఉంది. టైమ్‌టేబుల్ మార్పులు, హాజరు, పరీక్షల ఏర్పాట్లు, పిల్లల మానసిక ఇబ్బందులు, ఇవన్నీ ఆ ఒక్కరి మీదే పడతాయి. అంతమందిలో మీ అమ్మాయి ఎవరో వారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పదేళ్లకు పైగా తెలిసిన కుటుంబాల పిల్లలకు ఈ దరఖాస్తుల్లో సాయం చేస్తున్నాను. దాదాపు అందరూ ఒకే చోట తప్పటడుగు వేస్తున్నారు. ఆ చోటు దరఖాస్తుతో పంపే ఎస్సే (వ్యాసం) కాదు, ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షా కాదు. స్కూల్ నుంచి నేరుగా కాలేజీకి వెళ్లే కాగితాల దగ్గరే దెబ్బతింటున్నారు. కనుక మిగిలిన వాటిని త్వరగా చెప్పేసి ఆ విషయానికే వస్తాను.

సిద్ధం చేసుకోవలసినవి

విద్యార్థి పేరున సొంత ఈమెయిల్ ఒకటి ఉండాలి. స్కూల్ ఇచ్చిన ఈమెయిల్ వాడవద్దు, చదువు ముగిశాక అది మూతపడవచ్చు. ఒకే ఫారంతో చాలా కాలేజీలకు దరఖాస్తు వేసే వెబ్‌సైట్ కామన్ యాప్‌లో ఖాతా తెరవాలి. తొమ్మిదో తరగతి నుంచి ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడుల పట్టిక) నకలు స్కూల్ ఆఫీసులో అడిగి తెచ్చుకుని ఒక్కో కోర్సునూ, ఒక్కో గ్రేడునూ సరిచూసుకోవాలి. వేరే రాష్ట్రం నుంచి మారి వచ్చిన పిల్లల మార్కులు అందులో తప్పుగా ఎక్కడం చాలాసార్లు చూశాను. గడువులు రాసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

తేలికైన పనులు

కాలేజీల జాబితా పదికి మించకూడదు. కామన్ యాప్ 20 కాలేజీల దాకా అనుమతిస్తుంది కానీ, ఇరవై కాలేజీలకు శ్రద్ధగా రాసిన విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మీకు పడే ఖర్చును అంచనా వేసేది) పెట్టాలని 2011 నుంచి నిబంధన ఉంది. మీ ఆదాయం అందులో వేసి, వచ్చిన అంకెను చూశాకే ఆ కాలేజీని జాబితాలో ఉంచాలో లేదో నిర్ణయించాలి. ఆర్థిక సాయానికి వేసే ఫాఫ్సా దరఖాస్తు మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. హెచ్-4 వీసాలో (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదన్న సంగతి ఏ కౌన్సెలరూ తమంతట తాము చెప్పరు, కనుక ఆ కుటుంబాలు ఖర్చు లెక్కను మొదటి రోజే వేసుకోవాలి.

శాట్ మార్కులు అక్కర్లేదని ఎవరో చెబితే వినవద్దు. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో ఆ మార్కులను మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్లు ప్రకటించాయి. కామన్ యాప్‌లో, చదువుతో పాటు చేసిన పనులు రాసే యాక్టివిటీల పట్టికలో పది గడులు ఉంటాయి, ఒక్కో వివరణకు 150 అక్షరాలు. ఏం చేశారో క్రియతో మొదలుపెట్టి అంకెతో ముగించాలి. ఎస్సేకు 650 పదాల పరిమితి ఉంది. దాని మీద ఆరు వారాలకు మించి గడపకూడదు. వేసవి అంతా ఎస్సేకే ధారపోసి, వేల డాలర్లు పెట్టి కన్సల్టెంట్‌ను కుదుర్చుకుని, స్కూల్ లేఖలను సెప్టెంబరులో గుర్తు తెచ్చుకునే కుటుంబాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎంత పేరున్న కన్సల్టెంట్ అయినా కౌన్సెలర్ నింపే స్కూల్ రిపోర్ట్ మీద సంతకం పెట్టలేరు, కెమిస్ట్రీ టీచర్‌కు బదులుగా లేఖ రాయలేరు.

అసలు చిక్కు: స్కూల్ నుంచి వెళ్లే లేఖలు

విద్యార్థి సబ్మిట్ నొక్కగానే దరఖాస్తు పూర్తయిందని అనుకుంటారు. అది సగమే. మిగిలిన సగాన్ని స్కూల్ పంపాలి: ట్రాన్‌స్క్రిప్ట్, స్కూల్ రిపోర్ట్, కౌన్సెలర్ లేఖ, చాలా కాలేజీలకు ఒకరిద్దరు టీచర్ల లేఖలు. ఆ లేఖల్లో ఏముందో మీకు కనబడదు, దిద్దే వీలూ ఉండదు. రాసేవారి చేతికి ముందుగా ఏం అందిస్తామన్నది మాత్రమే మన అధీనంలో ఉంటుంది. ఏమీ అందించకపోతే 'ఈ విద్యార్థి కష్టపడి చదువుతుంది, క్రమశిక్షణ గలది' అన్న రెండు వాక్యాలు వెళతాయి. అవే మాటలు ఆ స్కూల్ నుంచి మరో వంద మంది గురించి కూడా వెళతాయి.

అడగవలసిన సమయం పదకొండో తరగతి ఏప్రిల్ లేదా మే నెల. సెప్టెంబరులో అడగవద్దు. పేరున్న టీచర్లు తాము రాసే లేఖలకు ఒక పరిమితి పెట్టుకుంటారు, ఆ పరిమితి వేసవి సెలవులకు ముందే నిండిపోతుంది. ఈమెయిల్‌లో అడగకూడదు. తరగతి అయిపోయాక విద్యార్థి స్వయంగా వెళ్లి, నాకు మంచి లేఖ రాయగలనని మీకు అనిపిస్తోందా అని అడగాలి. టీచర్ తటపటాయిస్తే నమస్కారం చెప్పి వేరొకరిని చూసుకోవాలి, బతిమాలకూడదు. తల్లిదండ్రులు వెళ్లి అడగడం అసలే వద్దు.

ఎవరిని అడగాలన్న దగ్గర చాలామంది పొరపడతారు. ఎక్కువ మార్కులు వేసిన టీచర్ వైపే పిల్లలు మొగ్గుతారు. పదకొండో తరగతిలో ముఖ్యమైన సబ్జెక్టు చెప్పి, విద్యార్థి తడబడటమూ ఆ తరువాత నిలదొక్కుకోవడమూ కళ్లారా చూసిన టీచర్ కావాలి. బీ ప్లస్ వచ్చిన క్లాసు నుంచి గొప్ప లేఖ రావచ్చు. ఎంఐటీ ఒక లేఖ గణితం లేదా సైన్సు టీచర్ నుంచి, మరొకటి హ్యుమానిటీస్ టీచర్ నుంచి అడుగుతుంది. వేరే కాలేజీలు అడగకపోయినా అందరూ అదే పద్ధతి పాటించాలని నేను చెబుతాను, ఎందుకంటే మన పిల్లల ఫైళ్లలో ఇంగ్లీషు టీచర్ మాట చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఇక టీచర్ చేతికి ఇచ్చే కాగితం. స్కూళ్లు దీనిని బ్రాగ్ షీట్ అంటాయి, ఆ పేరు వల్లనే పిల్లలు దానిలో గొప్పలు రాస్తారు. రెజ్యూమె అంటించి ఇస్తారు. టీచర్‌కు రెజ్యూమె పనికిరాదు, అందులో ఉన్నదంతా కాలేజీకి విడిగా వెళుతూనే ఉంది. ఆ క్లాసులో జరిగిన రెండు మూడు సంఘటనలు కావాలి. ఒక అమ్మాయి మొదట నాకు చూపించిన కాగితంలో 'కెమిస్ట్రీ అంటే నాకు చాలా ఇష్టం, ఎంతైనా కష్టపడతాను' అని ఉంది. ల్యాబ్‌లో ఎప్పుడైనా లెక్క తప్పిందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, టైట్రేషన్ మూడు సార్లు చేసినా అంకెలు కలవలేదని, అందరూ వెళ్లాక ఉండిపోయి చూస్తే బ్యూరెట్ కొనలో చిన్న గాలి బుడగ ఇరుక్కుని ఉందని, అది బయటపడ్డప్పుడు రీడింగు ఎగబాకుతోందని చెప్పింది. ఆ నాలుగు వాక్యాలే రాసి ఇవ్వమన్నాను. ఆ టీచర్‌కు ఆ సాయంత్రం గుర్తుంది. గుర్తు చేసేవారు కావలసి వచ్చింది, అంతే.

కౌన్సెలర్‌కు ఇచ్చే కాగితం వేరు. అందులో ఇంటి పరిస్థితులు ఉండాలి. నాన్నగారి ఉద్యోగం మారి పదో తరగతి మధ్యలో ఊరు మారడం, ఆ సెమిస్టరులో గ్రేడ్లు పడిపోవడం, నాయనమ్మకు సుస్తీ చేస్తే ఆరు నెలల పాటు సాయంత్రాలు ఇంట్లోనే ఉండవలసి రావడం, ఫిజిక్స్ ఏపీ (కాలేజీ స్థాయి కోర్సు) తీసుకుందామంటే బ్యాండ్ క్లాసుతో సమయం కలవకపోవడం వంటివి కౌన్సెలర్ నోటి నుంచి వస్తే సమర్థనలా కాక సమాచారంలా చదువుతారు. మనవాళ్లు ఇక్కడే వెనకాడతారు. ఇంటి గుట్టు స్కూల్లో ఎందుకని అసలు సంగతి దాచిపెట్టి, తల్లిదండ్రులను నింపమన్న గడిలో 'మా అబ్బాయి బుద్ధిమంతుడు, ఎవరికీ ఎదురు చెప్పడు' అని రాసి పంపుతారు. ఆ వాక్యంతో కౌన్సెలర్ చేయగలిగింది ఏమీ లేదు. గ్రేడు ఎందుకు పడిందో తేదీలతో సహా ఒక పేరాలో రాయండి. సానుభూతి కోసం కాదు, కారణం తెలియని చోట చదివేవారు బద్ధకాన్నే ఊహించుకుంటారు కాబట్టి. ఆ కాగితం ఒక పేజీ దాటకూడదు.

మరొక చోట జాగ్రత్త అవసరం. కామన్ యాప్‌లో టీచర్లను ఆహ్వానించే ముందు ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం) గురించిన ప్రశ్న వస్తుంది. 1974 నాటి ఆ చట్టం ప్రకారం, చేరిన కాలేజీలో తన గురించి రాసిన లేఖలను చూసే హక్కు విద్యార్థికి ఉంది. ఆ హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. వదులుకోవాలి. హక్కును ఎందుకు వదులుకోవాలని చాలామంది తండ్రులు నాతో వాదించారు, వారి బాధ అర్థమవుతుంది. కానీ విద్యార్థి చదువుతారని తెలిసి రాసిన లేఖకు కాలేజీలు తక్కువ విలువ ఇస్తాయి, కొందరు టీచర్లు అలాంటప్పుడు రాయడానికే ఒప్పుకోరు. లేఖ వెళ్లాక ఆ జవాబు మార్చడం కుదరదు, కనుక పిల్లలు తొందరలో నొక్కేయకుండా పక్కన కూర్చుని పూర్తి చేయించండి. ఎర్లీ డెసిషన్ కింద వేస్తున్నట్లయితే విద్యార్థితో పాటు తల్లిదండ్రులలో ఒకరూ, కౌన్సెలరూ సంతకం పెట్టాలి. సీటు వస్తే చేరి తీరాలన్న ఒప్పందం అది. నవంబరు 1 గడువుకు ఆ సంతకం అక్టోబరు 10 లోపే అడగాలి.

కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌ల దారి పూర్తిగా వేరు. మామూలుగా లేఖలు అడగరు, శాట్ మార్కులు చూడరు, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాల చొప్పున విద్యార్థే సమాధానం రాయాలి. అక్కడ కౌన్సెలర్ చెప్పవలసిన ఇంటి పరిస్థితులను కూడా విద్యార్థే చెప్పుకోవాలి.

పంపిన తరువాత

దరఖాస్తు పంపిన కొన్ని రోజులకు దాదాపు ప్రతి కాలేజీ ఒక పోర్టల్ (దరఖాస్తు స్థితి చూసుకునే వెబ్ పేజీ) తెరిచి ఇస్తుంది. ఏ కాగితాలు అందాయో, ఏవి అందలేదో అందులోనే చూడాలి. స్కూల్ వాళ్లు పంపామన్నారని ఊరుకోకూడదు. ఒక అబ్బాయి విషయంలో స్కూల్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లినట్లే కనబడింది, కాలేజీకి మాత్రం చేరలేదు. ఆఫీసులో అడిగితే మూడు సార్లు వెళ్లిందనే చెప్పారు. నాలుగోసారి పోర్టల్ తెర ఫొటో తీసి చూపిస్తే పది నిమిషాల్లో మళ్లీ పంపారు. స్కూల్ నుంచి రావలసిన పత్రాలకు చాలా కాలేజీలు గడువు తరువాత కొన్ని రోజుల వెసులుబాటు ఇస్తాయి కాబట్టి ఆ దరఖాస్తు నిలిచింది.

జనవరిలో మొదటి సెమిస్టరు మార్కులు రాగానే మిడ్ ఇయర్ రిపోర్ట్ పంపమని కౌన్సెలర్‌కు విద్యార్థి ఒక చిన్న ఈమెయిల్ రాయాలి. జాబితాలోని కాలేజీలలో ఏవి ఆ రిపోర్ట్ అడుగుతున్నాయో అందులోనే పేర్లతో రాసి ఇవ్వాలి, వెతుక్కునే పని కౌన్సెలర్‌కు మిగల్చకూడదు. ఫిబ్రవరి మొదటి వారంలో పోర్టళ్లన్నీ మరొకసారి తెరిచి, అది చేరిందో లేదో చూసుకోవాలి.