మాజీ సైనికుల సంఘంలో సాయానికి వెళ్తున్నారా? ముందు ఒక నోటుబుక్కు కొనండి

నేను సైన్యంలో పనిచేయలేదు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నాను. పదవీ విరమణ అయ్యాక మాజీ సైనికుల సంఘానికి వెళ్లి, నావల్ల అయ్యే పని ఏమైనా ఉందా అని అడిగాను. అధ్యక్షులు సుబేదార్ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఫారాలు నింపడం వచ్చా?" అన్నారు. ఏడేళ్లుగా ఆ పనే చేస్తున్నాను.

సంఘం ఎక్కడుందో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఏటా డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు చాలామంది ఉత్సాహంగా వస్తారు. శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. సంక్రాంతి వెళ్లేసరికి ఒక్కరూ కనిపించరు. అందుకే మీరు జనవరిలో వెళ్లండి. వారానికి రెండు గంటలే కుదిరితే ఆ మాటే చెప్పండి. రోజూ వస్తానని చెప్పి రాకపోవడం కంటే అది నయం.

పనిలో ముప్పాతిక వంతు కాగితాలే. రక్షణ శాఖ పింఛన్లు ఇప్పుడు చాలావరకు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ప్రయాగ్‌రాజ్ నుంచి నడుస్తున్నాయి. పింఛను ఆగకూడదంటే, బతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇవ్వాలి. దీన్ని 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా ఇప్పుడు ఫోనులోనే ఇవ్వవచ్చు. వయసు మీదపడి వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూపించే పద్ధతి ఉంది. గోడకు కాస్త దూరంగా, వెలుతురు ముఖాన పడేలా కూర్చోబెట్టండి. కళ్లద్దాలు తీయించండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. పింఛను చెల్లించేది ఎవరని అడిగే గడిలో స్పర్శ్‌ను ఎంచుకోవాలి. ఒక పెద్దాయనకు డబ్బు పడేది బ్యాంకులో కదా అని నేను బ్యాంకు పేరు నొక్కాను. ఆ ధ్రువపత్రానికి ఇచ్చే నంబరు, ప్రమాణ్ ఐడీ, వచ్చినట్లు ఫోనుకు సందేశం కూడా వచ్చింది. ఇద్దరం సంతోషించాం. ఆ సందేశం రసీదు మాత్రమేనని, పత్రం చేరాల్సిన చోటికి చేరిందో లేదో తర్వాత మళ్లీ చూసుకోవాలని నాకు అప్పటికి తెలియదు. ఆయన పింఛను రెండు నెలలు ఆగింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది. అప్పటినుంచి నోటుబుక్కులో ప్రతి పేరు పక్కన "మళ్లీ చూడాల్సిన తేదీ" అని ఒక గడి గీసుకున్నాను. ఆ పుస్తకంలో ఆధార్ సంఖ్యలు, పాస్‌వర్డులు మాత్రం రాయకండి. ఓటీపీ వస్తే వాళ్లనే నొక్కమనండి. అసలు కాగితాలు ఇంటికి తీసుకెళ్లవద్దు, నకళ్లు చాలు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పేర్లు. ఒకసారి భర్త పోయిన ఒకామె ఇంటికి వెళ్లాం. మంచం కింద నుంచి ఇనుప ట్రంకు పెట్టె లాగారు. మూత మీద ఆయన ఆర్మీ నంబరు, పేరు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. అడుగున, మడతపెట్టిన యూనిఫాం కింద, సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు దొరికింది. అందులో భార్య పేరు లక్ష్మి. ఆధార్‌లో లక్ష్మమ్మ. పుట్టిన సంవత్సరంలో మూడేళ్ల తేడా. పెళ్లయిన కొత్తలో ఆయన చెప్పిన పేరును యూనిట్ గుమస్తా తనకు వినిపించినట్లు రాసుకున్నాడు, అంతే. దాన్ని సరిచేయించడానికి ఏడాది తిరిగాం.

అందుకే ఏ ఇంటికి వెళ్లినా, ఆ మాజీ సైనికుడు ఆరోగ్యంగా ఉండగానే డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు), భార్యాభర్తలిద్దరి ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఆయన చేతే, సైనికుల సర్వీసు వివరాలు ఉండే రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టించండి. ఆ ఆఫీసు ఏ ఊళ్లో ఉందన్నది ఆయన పనిచేసిన దళాన్ని బట్టి ఉంటుంది: ఈఎంఈ (యంత్రాలు, వాహనాల మరమ్మతు చూసే దళం) అయితే సికింద్రాబాదు, ఆర్టిలరీ (ఫిరంగి దళం) అయితే నాసిక్, మద్రాస్ రెజిమెంటు అయితే వెల్లింగ్టన్. ఏ కాగితాలు జతచేయాలో వాళ్లనే అడిగి రాయించుకోండి. సంఘంలో తలా ఒకటి చెబుతారు.

పింఛను తీసుకునే ఆయన పోతే, ఆ సంగతి పింఛను ఇచ్చేవారికి వెంటనే తెలియజేయించండి. చాలా ఇళ్లలో ఏటీఎం కార్డు ఉంది కదా అని ఆయన పింఛనే తీసుకుంటూ ఉంటారు. ఆ డబ్బు తర్వాత వెనక్కి కట్టాల్సి వస్తుంది. ఈ మాట పదో రోజు లోపు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తాం. నేను కొడుకునో అల్లుడినో వాకిట్లోకి పిలిచి మెల్లగా చెబుతాను. కానీ కుటుంబ పింఛను సంగతులు మాట్లాడేటప్పుడు ఆయన భార్యతోనే మాట్లాడండి. మరిది పక్కన కూర్చుని సమాధానాలు చెబుతుంటే, "అమ్మా, మీ నోటితో వినాలి" అనండి.

ఇక కబుర్లు. "యుద్ధంలో ఎంతమందిని చంపారు?" అని అడిగినవాడిని మా సుబేదార్ గారు మళ్లీ గడప తొక్కనివ్వలేదు. యుద్ధం ఊసు వాళ్లు ఎత్తితే వినండి, ఎత్తకపోతే యూనిట్‌లో వంటవాడి గురించి అడగండి, గంట తెలియకుండా గడిచిపోతుంది. ఫిరంగుల దగ్గర పనిచేసినవారికి వినికిడి తగ్గి ఉండవచ్చు. అరవకండి, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి. హవల్దార్ అయితే హవల్దార్ గారూ అనే పిలవండి, తాతయ్యా అంటే కొందరికి నచ్చదు. మనిషి మాటల్లో బతుకు మీద విరక్తి వినిపిస్తే మీరే వైద్యులైపోకండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, అక్కడే కూర్చుని మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయించండి, ఆయనను ఒంటరిగా వదిలి రాకండి.

వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉంది. కార్డులో భార్య పేరు చేరిందో లేదో చూడండి. మిగతాది ఆ పథకం పాలీక్లినిక్‌లో చెబుతారు.

ఎప్పుడైనా మానేయాలనిపిస్తే మానేయండి, తప్పేమీ లేదు. నోటుబుక్కు మాత్రం తర్వాతివారికి ఇచ్చి వెళ్లండి. నాకు ముందు ఈ పని చూసినాయన ఇవ్వలేదు. ఆయన మొదలుపెట్టిన మూడు దరఖాస్తులు ఎక్కడ ఆగాయో కనుక్కోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.