పర్యావరణానికి హాని చేయని సబ్బు, షాంపూ, పేస్టు ఎంచుకోవడం ఎలా?

స్నానాల గదిలో వాడే ప్రతి సరుకూ రెండు దారుల్లో బయటికి పోతుంది. నురగ తూములోకి, సీసా చెత్తబుట్టలోకి. కొనే వస్తువు మంచిదా కాదా తేల్చుకోవాలంటే ఈ రెండు దారులనూ చూడాలి. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ ఉందనో, ‘హెర్బల్’ అని రాశారనో నమ్మి కొంటే డబ్బు ఎక్కువ పోవడం తప్ప నీళ్లకూ నేలకూ ఒరిగేదేమీ ఉండకపోవచ్చు.

1. ముందు చెత్తబుట్ట చూడండి

ఒక వారం పాటు బాత్రూమ్ చెత్తను విడిగా ఒక సంచిలో వేయండి. వారం చివర పాత పేపరు పరిచి దాని మీద పోసి చూస్తే మీ ఇంట్లో దేనితో మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. కొన్ని ఇళ్లలో షాంపూ సాచెట్లు, కొన్ని ఇళ్లలో శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లలున్న చోట డైపర్లు, తడి వైప్స్ ఎక్కువగా ఉంటాయి. ఏది ఎక్కువుంటే దాన్నే ముందు మార్చండి.

ఇంట్లో ఉన్నవి మాత్రం పారేయకండి. సగం సీసా షాంపూ పారబోసి కొత్తది తెచ్చుకుంటే భారం రెట్టింపవుతుంది. ఉన్నది అయిపోయాక ఒక్కో వస్తువునే మార్చండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడు నాలుగు వారాల గడువు ఇవ్వండి. అన్నీ ఒకేసారి మారిస్తే, దురద వచ్చినా జుట్టు ఊడినా దేనివల్లో పట్టుకోలేరు. కొత్తది ఏదైనా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి 24 నుంచి 48 గంటలు చూసుకున్నాకే ఒళ్లంతా వాడండి.

సాచెట్ గురించి ఒక మాట. వేర్వేరు ప్లాస్టిక్ పొరలను, చాలాసార్లు అల్యూమినియం పొరనూ కలిపి అతికించి దాన్ని తయారుచేస్తారు. ఆ పొరలను మళ్లీ విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లవాళ్లు కొనరు. అయితే చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన సీసా కంటే సాచెట్టే చౌక, అందుకే జనం అవే కొంటారు. పెద్ద సీసా కొనేటప్పుడు మిల్లీలీటరు ధర లెక్కేసుకుని ఒక లీటరు సైజునో, రీఫిల్‌నో చూడండి. సీసా అడుగున త్రికోణంలో 1 గానీ 2 గానీ ఉంటే దాన్ని పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. సీసా మీద నొక్కే పంపులో మాత్రం స్ప్రింగు, రెండు మూడు రకాల ప్లాస్టిక్ కలిసి ఉంటాయి, అది రీసైకిల్ కాదు. పంపును దాచుకుని, తర్వాతిసారి మామూలు మూత ఉన్న సీసా కొని దానికి బిగించండి.

2. వెనకవైపు లేబుల్ చదవండి

ముందువైపు ఉండేది ప్రకటన. సరుకు సంగతి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా రాస్తారు, ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయవచ్చు. ఆ వరసలో ‘ఫినాక్సీఇథనాల్’ ఎక్కడుందో వెతకండి. నిల్వ ఉండటానికి కలిపే ఈ పదార్థాన్ని ఒక శాతానికి మించి వాడకూడదు. కలబంద, వేప, ఉసిరి దాని తర్వాత కనిపిస్తే అవి కూడా ఒక శాతం మించి లేవన్నమాట.

నీళ్ల కోసం చూడాల్సిన పేర్లు కొన్నే. ఫేస్ స్క్రబ్‌లో ‘పాలీఎథిలీన్’ అంటే ప్లాస్టిక్ పూసలు, వాటిలో కొన్ని మురుగు శుద్ధి కేంద్రం దాటి చెరువుల్లోకి పోతాయి. ‘ట్రైక్లోసాన్’ క్రిములను చంపుతుందని సబ్బుల్లో కలిపేవారు. మామూలు సబ్బు కంటే అది మెరుగని రుజువు లేదంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో చేతులు, ఒళ్లు కడుక్కునే సబ్బుల్లో దాన్ని నిషేధించింది. ‘సైక్లోపెంటాసిలోక్సేన్’ జుట్టుకు మెరుపునిచ్చే సిలికోన్, పర్యావరణంలో చాలాకాలం నిలిచిపోతుంది. కడిగేసే ఉత్పత్తుల్లో దీని మోతాదును యూరప్ 2020 జనవరి 31 నుంచి 0.1 శాతం లోపుకి కట్టడి చేసింది. ‘టెట్రాసోడియం ఈడీటీఏ’ కూడా తేలిగ్గా కుళ్లిపోదు.

‘సల్ఫేట్ ఫ్రీ’ అన్నది ఎక్కువమంది పొరబడే మాట. సోడియం లారిల్ సల్ఫేట్ మురుగునీటిలో తేలిగ్గానే విచ్ఛిన్నమవుతుంది. పొడి జుట్టు, సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు అది సరిపడకపోవచ్చు కానీ దాన్ని తీసేసినంత మాత్రాన షాంపూ పర్యావరణహితం అయిపోదు. ‘క్రూయెల్టీ ఫ్రీ’ కూడా అంతే, సౌందర్య ఉత్పత్తులను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది. ఆకుపచ్చ చుక్క శాకాహార మూలాన్ని చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

‘ఎకో ఫ్రెండ్లీ’ అని ఊరికే రాసుకునే వీలు ఇప్పుడు లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి మాటకు ఆధారం చూపాలి. ఆధారం కనబడకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ప్రభుత్వ గుర్తు కావాలంటే మట్టికుండ బొమ్మ ఉన్న ఎకోమార్క్ ఒకటుంది, 1991లో మొదలైంది. దుకాణాల్లో అది ఉన్న సరుకు అరుదు. గుర్తు లేదని మంచి సరుకును వదులుకోకండి.

3. సబ్బు

బాడీవాష్ కంటే సబ్బుబిళ్లే మేలు. బాడీవాష్‌లో ఎక్కువ భాగం నీళ్లే, పైగా ప్లాస్టిక్ సీసా. కాగితం చుట్టిన సబ్బు కొనండి. ప్యాకెట్ మీద టీఎఫ్‌ఎం శాతం ఉంటుంది. అది సబ్బులోని కొవ్వు పదార్థపు పాళ్లు. గ్రేడ్ 1 టాయిలెట్ సోప్‌లో కనీసం 76, గ్రేడ్ 2లో 70, గ్రేడ్ 3లో 60 ఉండాలి. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉంటే అది వేరే కోవ, అందులో 40 ఉన్నా చాలు. టీఎఫ్‌ఎం ఎక్కువున్న సబ్బు త్వరగా నానదు కాబట్టి ఎక్కువ రోజులు వస్తుంది.

బోరు నీళ్లలో ఏ సబ్బైనా సరిగా నురగ రాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున పట్టేది అదే. నురగ రాలేదని ఇంకా రుద్దితే సబ్బు అరిగిపోవడం తప్ప ఫలితం ఉండదు. మున్సిపల్ నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో స్నానానికి వాటినే వాడండి.

సబ్బు పెట్టె అడుగున చిన్న బీరకాయ పీచు ముక్క వేస్తే నీళ్లు దిగిపోయి బిళ్ల పొడిగా ఉంటుంది. ఒళ్లు రుద్దుకోవడానికీ నైలాన్ స్క్రబ్బర్ బదులు ఆ పీచే చాలు. పాదు మీదే ముదిరి ఎండిన బీర లేదా నేతిబీర కాయను నానబెట్టి, తొక్క ఒలిచి, గింజలు దులిపితే సరి. స్నానం అయ్యాక పిండి ఎండలో ఆరేయండి. తడిగా వదిలేస్తే క్రిములు చేరతాయి. నెలకొకసారి మార్చండి, పాతది మట్టిలో కలిసిపోతుంది.

సబ్బు ఎంపిక కంటే వేణ్ణీళ్ల ఖర్చు పెద్దది. 15 లీటర్ల గీజరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి కాయడానికి సుమారు 0.6 యూనిట్ల కరెంటు పడుతుంది. ఒక్కొక్కరికి రోజుకు అన్ని నీళ్లు పడితే, నలుగురున్న ఇంట్లో నెలకు 70 యూనిట్లు దాటుతుంది. వేసవిలో గీజరు కట్టేస్తే చాలు, ఏ సబ్బు మార్చినా రాని ఆదా అది.

4. తలస్నానం

కుంకుడుకాయలు మన కిరాణా కొట్లలోనే దొరుకుతాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ మన్యంలోని గిరిజనుల దగ్గర వీటిని, శీకాయను కొంటుంది. పొడి కంటే కాయలే కొనండి, పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. మంచి కాయ గోధుమరంగులో, ముడతలు పడి, చేతికి కొంచెం జిగురుగా తగులుతుంది. నల్లబడి బూజు పట్టినవి తీసేయండి.

భుజాల దాకా ఉన్న జుట్టుకు 8 నుంచి 10 కాయలు, నడుము దాకా ఉంటే 12 నుంచి 15 కావాలి. కాయలు చితక్కొట్టి నల్లటి గింజలు తీసేయండి, గింజ నురగ ఇవ్వదు. అరలీటరు వేణ్ణీళ్లలో గంటసేపు, లేదా చన్నీళ్లలో రాత్రంతా నాననిచ్చి బాగా పిసకండి. తర్వాత పలచటి గుడ్డలో తప్పనిసరిగా వడకట్టండి. వడకట్టకపోతే తొక్కలు జుట్టులో చిక్కుకుని, దువ్వుకున్నప్పుడు రాలుతూనే ఉంటాయి. సగం రసంతో ఒకసారి రుద్ది కడిగి, మిగతాది రెండోసారి వాడండి. నూనె బాగా పట్టించిన తలకు ఒక్క దఫా చాలదు, జిడ్డు పోలేదని చాలామంది కుంకుడు మానేసేది ఇక్కడే. రసంలో నాలుగు మందారాకులు పిసికితే జుట్టు చిక్కుపడదు.

కళ్లలో పడితే బాగా మండుతుంది, వెంటనే మంచినీళ్లతో కడుక్కోండి. పసిపిల్లలకు వాడకపోవడమే మంచిది. మిగిలిన రసాన్ని మరిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. పుల్లటి వాసన గానీ బుడగలు గానీ వస్తే పారబోయండి. కుంకుడు నీళ్లు చేపలున్న తొట్టిలోకో కుంటలోకో పోకూడదు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. ప్రకృతిలో దొరికేదంతా అన్ని ప్రాణులకూ మంచిదే అనుకోకూడదని దీన్ని బట్టి గుర్తుంచుకోండి.

అంత తీరిక లేనివాళ్లకు షాంపూ బిళ్లలున్నాయి. లేబుల్‌లో మొదట ‘సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్’ ఉంటే తీసుకోండి. ‘సోడియం కోకోయేట్’, ‘సోడియం పామేట్’ మొదట ఉంటే అది పేరుకే షాంపూ, నిజానికి సబ్బు. బోరు నీళ్లలో జుట్టు బంకబంకగా తయారవుతుంది. వంటసోడాతో తల రుద్దుకోమనే సలహాలు పాటించకండి. దాని క్షారగుణానికి వెంట్రుక పైపొర లేచి జుట్టు పెళుసవుతుంది.

సున్నిపిండి కొనేటప్పుడు బావంచాలు కలిశాయేమో అడగండి. వాటిలోని సొరాలెన్ అనే పదార్థం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లమచ్చలు పడవచ్చు. పిండి రుద్దుకున్నాక తూముకు జాలీ పెట్టి నీళ్లు పోసుకోండి, లేకపోతే పైపులో పేరుకుని బిగుసుకుంటుంది.

5. పళ్లు

వెదురు బ్రష్ కొంటే పిడి మాత్రమే వెదురు, కుచ్చు దాదాపు ఎప్పుడూ నైలానే. పాతబడ్డాక కుచ్చును పట్టకారుతో లాగేసి పిడిని మొక్కల కుండీలో వేయండి. తడిగా మూత పెట్టి ఉంచితే పిడి మొదట్లో బూజు పడుతుంది, నిలబెట్టి ఆరనివ్వండి.

పేస్టు మానేసి బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పుతో తోముకోవద్దు, పంటి పైపొర అరిగిపోతే మళ్లీ రాదు. వేపపుల్ల మంచిదే కానీ పిప్పళ్లను ఆపే ఫ్లోరైడ్ అందులో ఉండదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) మించకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠానీ గింజంత పేస్టు చాలు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాగా తాగే నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట పిల్లల పేస్టు విషయం దంతవైద్యులను అడిగి తేల్చుకోండి.

6. నెలసరికి

మామూలు ప్యాడ్‌లో ప్లాస్టిక్ పొర, తడిని పీల్చే పాలిమర్ ఉంటాయి, అవి మట్టిలో కలవవు. మొక్కల పిండితో చేసిన ప్లాస్టిక్ వాడిన ‘బయోడీగ్రేడబుల్’ ప్యాడ్లు కూడా పెరట్లో పాతితే కరగవు. అలాంటి ప్లాస్టిక్‌కు 60 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టు కేంద్రం కావాలి.

గుడ్డ ప్యాడ్ వాడితే ముందు చన్నీళ్లలో అరగంట నానబెట్టండి. వేణ్ణీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో ఆరేయండి. చాలా ఇళ్లలో ఎవరికీ కనపడకూడదని చీర కిందనో, గది మూలనో ఆరేస్తారు. సరిగా ఆరని గుడ్డతో ఇన్‌ఫెక్షన్లు రావచ్చు, అసలు సమస్య గుడ్డ కాదు ఆ చాటే. డాబా మీద ఒక తీగ దీనికి కేటాయించండి, ఇంట్లో మగవాళ్లకూ విషయం చెప్పండి.

యోనిలో అమర్చుకుని నెలసరి రక్తాన్ని పట్టే మెన్‌స్ట్రువల్ కప్పు మెడికల్ గ్రేడ్ సిలికోన్‌తో చేసినదే కొనండి. సాధారణ కాన్పు కానివాళ్లకు చిన్నది, అయినవాళ్లకు పెద్దది అన్నది మామూలు కొలత. ప్రతి నెలసరికి ముందు, తర్వాత 5 నిమిషాలు నీళ్లలో మరిగించండి. గిన్నె అడుగుకు తగిలితే మాడుతుంది, కాబట్టి నీళ్లు ఎక్కువ పోయండి. కారుతోందంటే చాలాసార్లు లోపల పూర్తిగా విచ్చుకోలేదన్నమాట, వేలితో చుట్టూ తడిమి కొద్దిగా తిప్పండి. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగవద్దు. అడుగు భాగాన్ని నొక్కితే గాలి చొరబడి పట్టు వదులుతుంది. 12 గంటలకు మించి ఉంచకూడదు. కాపర్ టీ వేయించుకున్నవాళ్లు డాక్టరును అడగాలి, పట్టు వదలకుండా లాగితే అది జారిపోవచ్చు. అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీలో ‘తింకళ్’ పథకం కింద 5000 కప్పులు పంచారు, సామాన్య గృహిణులే వాడారు.

7. మిగతావి

వాడిపారేసే రేజరు బదులు స్టీలు పిడి ఉన్న సేఫ్టీ రేజరు కొంటే బ్లేడు ఒక్కటే మార్చాలి. సుమారు 30 డిగ్రీల వంపులో పట్టుకుని, నొక్కకుండా దాని బరువుతోనే జరపండి. గీసుకుపోయేది నొక్కినప్పుడే. చెమట వాసనకు పటిక తడిపి చంకల్లో రుద్దితే చాలు, చర్మం కోసుకున్న చోట మాత్రం మండుతుంది. ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు, దుకాణంలో ఇంకా అమ్ముతుంటే కొనకండి.

8. పారేసేటప్పుడు

షాంపూ సీసాలు ఒకసారి కడిగి పొడి చెత్తలో వేయండి, లోపల జిడ్డుంటే మిగతా పొడి చెత్త కూడా పాడవుతుంది. పాత బ్లేడ్లను సన్నటి చీలిక పెట్టిన రేకు డబ్బాలో జమచేసి, నిండాక టేపు చుట్టి విడిగా ఇవ్వండి. ప్యాడ్లు, డైపర్లు పేపరులో చుట్టి, లోపలేముందో చెత్త ఏరేవాళ్లకు తెలిసేలా పైన ఎర్ర చుక్క పెట్టి, తడి చెత్తలో కలపకుండా చెత్త బండికి ఇవ్వండి. తడి వైప్స్ ఎప్పుడూ కమోడ్‌లో వేయకూడదు. అవి నీళ్లలో కరగవు, సెప్టిక్ ట్యాంకు పైపు దగ్గర ముద్దకడితే చేతులు పెట్టి తీయాల్సింది పారిశుద్ధ్య కార్మికులే.