గద్దల లెక్కకి కొండెక్కేముందు

సెప్టెంబర్ మధ్యలో ఒక శనివారం ఖాళీ పెట్టుకోండి, వర్షం వెలిసి చల్లబడి వాయవ్యం నుంచి గాలి మొదలైన మర్నాడైతే మరీ మంచిది. పెన్సిల్వేనియాలో కెంప్టన్ దగ్గర హాక్ మౌంటెన్ ఉంది, న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి కారులో సుమారు రెండు గంటలు. ఒకప్పుడు జనం తుపాకులతో వచ్చి సరదాకి గద్దల్ని కాల్చిన కొండ అది. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ దాన్ని లీజుకి తీసుకుని కాల్పులు ఆపించింది, ఆ ఏడాదే అక్కడ దక్షిణానికి వలసపోయే గద్దల్ని లెక్కపెట్టడం మొదలైంది.

వాయవ్యపు గాలి ఎందుకంటే, అది కొండల వరసకి అడ్డంగా కొట్టుకుని పైకి లేస్తుంది, దాని మీద గద్దలు రెక్క కూడా ఆడించకుండా దక్షిణానికి జారిపోతాయి. పెద్దగా సామాను అక్కర్లేదు: 8x42 బైనాక్యులర్స్, టోపీ, స్వెట్టర్, రాళ్ల మీద గంటలు గంటలు కూర్చోవాలి కాబట్టి ఒక దిండు, ఒక డబ్బాలో పులిహోర. టెలిస్కోప్ కొనేయకండి, అక్కడ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

పైకి వెళ్లగానే ఆ రోజు లెక్క ఎవరిదో కనుక్కోండి. లెక్క రాసేది ఒక్కరే, మిగతావాళ్లం కళ్లు మాత్రమే. "అదిగో అక్కడ!" అంటే ఎవరికీ అర్థం కాదు. లెక్కకి కూర్చునే రాళ్ల చోటు, అంటే నార్త్ లుకౌట్, ఎదురుగా కనబడే మిట్టలకి నంబర్లున్నాయి, అవి ముందే తెలుసుకుని "మూడో మిట్ట పైన, బైనాక్యులర్‌లో రెండు చూపుల ఎత్తున" అని చెప్పండి.

రంగు చూసి పోల్చుకోవాలనుకుంటే మొదటి గంటలోనే నీరసం వస్తుంది, ఎందుకంటే దూరంలో అన్నీ నల్లగానే ఉంటాయి. ఆకారం, ఎగిరే తీరు చూడండి. రెక్కలు 'వి'లా పైకెత్తి తూలుతూ పోయేది టర్కీ వల్చర్. బల్లపరుపుగా చెక్క పలకలా పోయేది బాల్డ్ ఈగిల్. రెక్కలు మడత పడి 'ఎం'లా కనిపిస్తే ఆస్ప్రే. టపటపా కొట్టి కాస్త జారి మళ్లీ టపటపా కొట్టే చిన్నది చాలామటుకు షార్ప్‌షిన్. బాల్డ్ ఈగిల్ తల మన గరుడపక్షి తలలాగే తెల్లగా ఉంటుంది, కానీ ఆ తెలుపు రావడానికి దానికి ఇంచుమించు ఐదేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఒళ్లంతా గోధుమరంగే. అందుకే వయసు కూడా రాస్తారు. ఇక్కడ పిల్ల ఈగిల్స్ కనబడటం తగ్గిపోయిన సంగతి ఈ లెక్కల్లోనే తేలింది, 1962లో రచయిత్రి రేచల్ కార్సన్ డీడీటీ అనే పురుగుమందు మీద రాసినప్పుడు వాటినే చూపించింది.

ఇక అసలు కష్టం బ్రాడ్‌వింగ్‌ అనే గద్దలతో. ఇవి దక్షిణ అమెరికా దాకా పోయే ప్రయాణికులు, వేడిగాలి లేచే చోట వందల కొద్దీ చేరి గిరగిరా తిరుగుతూ పైకి పోతాయి. దాన్ని కెటిల్ అంటారు, నిజంగానే మరిగే నీళ్లలా ఉంటుంది. తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకండి, పిచ్చెక్కుతుంది, పెట్టినవే మళ్లీ పెడతారు. పైకంటా వెళ్లాక ఒక్కొక్కటీ వరసకట్టి జారిపోతాయి, అప్పుడు ఏ మబ్బు అంచునో గీతగా అనుకుని దాన్ని దాటినవే క్లిక్కర్ (నొక్కినప్పుడల్లా ఒకటి పెరిగే లెక్కల మీట) మీద నొక్కండి. మరీ ఎక్కువైతే ఐదేసి, పదేసి. 1978 సెప్టెంబర్ 14న ఒక్కరోజులోనే 21 వేలకు పైగా పక్షులు పోయాయి ఇక్కడ, ఆ రోజు లెక్క రాసినవాళ్ల బొటనవేలు ఏమైందో మరి!

మబ్బుల్లేని నీలాకాశం చూడ్డానికి బాగుంటుంది కానీ లెక్కకి శత్రువు, పై ఎత్తున పోయేవి అందులో కరిగిపోతాయి. తెల్లటి మబ్బు తునకలుంటే వాటి అంచులు వెతకండి.

ఏదో తెలియకపోతే "తెలియని గద్ద" అనే రాయించండి, ఫారంలో దానికీ గడి ఉంటుంది. నేను మొదటి ఏడాది పక్కనున్న పెద్దాయన ముందు పరువు పోతుందని దూరంగా పోతున్న ఒకదాన్ని కూపర్స్ గద్ద అని గట్టిగా అరిచాను, దగ్గరికొచ్చాక చూస్తే కాకి. ఆయన ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గేసింది. అక్కడక్కడే తిరిగే లోకల్ గద్దల్ని, ఉత్తరం వైపు వెనక్కి పోయేవాటిని కలపకండి. గంటగంటకీ గాలి దిశ, వేగం, ఉష్ణోగ్రత, మబ్బు, ఎంతమంది చూస్తున్నారు అన్నీ రాస్తారు. ఫారం అడిగేది డేలైట్ టైమా, స్టాండర్డ్ టైమా అన్నది మాత్రం ముందే అడగండి. ఒక్క పక్షీ రాని గంటకి సున్నా రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ అంటే అసలు ఎవరూ చూడలేదని.

ఇదంతా నచ్చితే నవంబర్ మొదట్లో మళ్లీ వెళ్లండి. గుంపులుండవు, జనమూ ఉండరు, గోల్డెన్ ఈగిల్ వచ్చేది అప్పుడే. ఈసారి దిండుతోపాటు దుప్పటి, టీ ఫ్లాస్కులు రెండు.